వెనిస్ నగరపు మహాపటము

పటమనగానే మనకు దారి చూపు సాధనము జ్ఞప్తికి వచ్చును. ఊరు ఏ దిక్కున నున్నది, ఏరు ఎటు పారుచున్నది, నడుమ దూరమెంత అను ప్రశ్నలకు సమాధానమిచ్చుటయే పటముయొక్క పని అని తలంతుము. కాని చరిత్రలో మరియొక తెగ పటములు కూడ కలవు. అవి బాటసారి చేతిలోనికి పోక, ప్రభువుల మందిరములలోని గోడలపైకి ఎక్కినవి. నగరము ఎట్లున్నదో చెప్పుటతోపాటు, ఆ నగరము తన్ను గూర్చి తానేమనుకొనుచున్నదో కూడ అవి చెప్పును. అట్టివానిలో అగ్రగణ్యమైనది 1500 సంవత్సరమున ఇటలీ దేశపు వెనిస్ నగరమున వెలువడిన పటము. దానిని చిత్రించినవాడు యాకొపో దె బార్బరి అను చిత్రకారుడు. ధనము వెచ్చించి వెలువరించినవాడు ఆంటన్ కోల్బ్ అను జర్మను వర్తకుడు. ఈ పటమును ఎట్లు చదువవలెనో, ఎంతవరకు నమ్మవలెనో ఇచ్చట విన్నవింప దలచినాము.

ముందుగా ఆ నగరమును గూర్చి రెండు మాటలు. ఏడ్రియాటిక్ సముద్రపు ఉత్తరపు కొనయందు, తీరమునకు కొంత ఎడముగా, లోతు తక్కువైన ఉప్పునీటి కయ్యలో నూటికి పైబడిన చిన్న చిన్న దీవులపై వెనిస్ వెలసినది. అచ్చట వీధులకు బదులు కాలువలు; బండ్లకు బదులు పడవలు. రాజు లేడు. డోజ్ అను పేరుగల నగరాధిపతిని సంపన్న కుటుంబములవారు ఎన్నుకొనెడివారు. నేల తక్కువ, పంట లేదు. కావున వారి బ్రతుకంతయు వర్తకముపై ఆధారపడెను. మన దేశపు మిరియములు, అల్లము, ఇతర సుగంధ ద్రవ్యములు అరబ్బు వర్తకుల చేతులు మారి అలెగ్జాండ్రియా, బేరూత్ రేవులకు చేరగా, వెనిస్ నావలు వానిని కొనిపోయి ఐరోపాకు అమ్మెడివి. పదునైదవ శతాబ్దాంతమున ఆ నగర జనసంఖ్య సుమారు లక్ష. ఆనాటి ఐరోపాలో అది మహానగరము.

ఇక పటమును చూతము. అది ఒక కాగితము కాదు. ఆరు పెద్ద కాగితములను పైన మూడు, క్రింద మూడుగా చేర్చి అతికించినచో పూర్తియగు చిత్రము. ఎత్తు సుమారు నాలుగున్నర అడుగులు, వెడల్పు తొమ్మిది అడుగుల పైచిలుకు. అనగా ఒక మనుష్యుడు రెండు చేతులను బారజాపినను దాని రెండు అంచులను అందుకొనజాలడు. చిత్రముయొక్క అడుగుభాగమున జూడెక్కా దీవి, సాన్ జార్జో మఠము. నడుమ నీటిపై చేపవలె పరచుకొన్న మహానగరము. వెనుక మురానో మొదలగు దీవులు. అన్నిటికంటె వెనుక ప్రధాన భూభాగము, దానికావల ఆల్ప్స్ పర్వతపంక్తి. చుట్టును గాలి ఊదుచున్న ఎనిమిది ముఖములు కలవు. అవి ఎనిమిది దిక్కుల గాలులు. మన దేవాలయపు మంటపముల కప్పులపై అష్టదిక్పాలకులను చూచి ఎరిగిన మనకు ఈ కల్పన క్రొత్తగా తోచదు. పై అంచున మేఘముపై మెర్క్యురీ కూర్చుండియున్నాడు. అతడు రోమనుల పురాణములలో వర్తకులకు దేవత. క్రింద, రేవు ముంగిట, జలచరమునెక్కి త్రిశూలము చేబూనిన నెప్ట్యూను కలడు. అతడు సముద్రాధిపతి, మన వరుణుని వంటివాడు. ఈ ఇరువురి నడుమ, నిట్టనిలువు గీతపై సరిగా సాన్ మార్కో చౌకము, అనగా నగరముయొక్క హృదయస్థానము, నిలిచియున్నది.

ఇట్టి చిత్రమును అచ్చువేయుట ఎట్లు? పెడనలో చీరలపై, దుప్పట్లపై అద్దకము వేయు పనివాండ్రను చూచినవారికి ఈ విద్య సులభముగా బోధపడును. అద్దకపు దిమ్మపై గీతలను నిలిపి, తక్కిన చెక్కను తొలచివేయుదురు. నిలిచిన గీతలకు రంగు అంటుకొని బట్టపై దిగును. వెనిస్ పటముయొక్క విధానమును అదియే. చిత్రకారుడు గీసిన బొమ్మను చెక్క పలకపైకి ఎత్తి, చెక్కుడు పనివాడు ఒక్కొక్క గీతకు ఇరుప్రక్కల నున్న చెక్కను సన్నని కత్తితో తీసివేయును. సిరా పూసి, తడికాగితము పరచి, ఒత్తిడి కలిగించినచో బొమ్మ కాగితముపైకి వచ్చును. కాని రెంటికిని ఒక గొప్ప భేదము కలదు. అద్దకపు దిమ్మ చిన్నది. ఒకే లతను, ఒకే పువ్వును మరల మరల అద్దుటకు పనికివచ్చును. వెనిస్ పటపు దిమ్మలు ఆరును పెద్దవి. వానిలో ఏ గీతయు మరియొకచోట పనికిరాదు. అంతేకాదు, అచ్చులో కుడి యెడమలు తారుమారగును గావున నగరమంతటిని అద్దములో చూచినట్లు త్రిప్పి చెక్కవలెను. వేలకొలది కిటికీలు, కప్పులు, పొగగొట్టములు ఇట్లు తలక్రిందుల లెక్కలో తొలచిన పనివాండ్ర పేర్లు పటముపై లేవు. వారు తొలచిన ఆరు దిమ్మలు మాత్రము నేటికిని వెనిస్ నగరమందలి కొరేర్ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. అయిదు వందల ఏండ్లు దాటిన కొయ్యపని నిలిచియుండుట సామాన్య విషయము కాదు.

ఈ పనియొక్క విలువ తెలియవలెనన్న, దానికి ఏడేండ్ల ముందు వెలువడిన మరియొక గ్రంథమును తలచుకొనవలెను. 1493లో జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున ఒక ప్రపంచ చరిత్ర అచ్చయ్యెను. అందు 1800కు పైగా బొమ్మలు కలవు. కాని వానికై చెక్కిన దిమ్మలు 645 మాత్రమే. ఒకే రాజు ముఖమును పలువురు రాజులకు వాడినట్లే, ఒకే నగరపు బొమ్మను పలు నగరములకు వాడిరి. పేరు మార్చినచో ఊరు మారెను! ఆనాటి పాఠకులు దానికి ఆక్షేపింపలేదు. కోట గోడ, నాలుగు గోపురములు, ఒక నది కనబడిన చాలును; అది నగరమని తెలిసినట్లే. వెనిస్ వంటి కొన్ని నగరములకు ప్రత్యేకముగా బొమ్మలు లేకపోలేదు. 1486లో ఎర్హార్డ్ రాయ్‌విచ్ అను చిత్రకారుడు జెరూసలేము యాత్రాగ్రంథమునకై వెనిస్‌ను పొడవైన మడతకాగితముపై చక్కగా చూపెను. కాని అతడు చూపినది నీటి ఒడ్డునుండి కనబడు ముఖభాగము మాత్రమే. నగరపు లోపలి సందులు, గొందులు, పెరళ్ళు, చౌకములు ఎవరును చూపలేదు. ఆ పనిని బార్బరి తలపెట్టెను.

లోపలి భాగములు కనబడవలెనన్న చూచువాడు చాల ఎత్తున నుండవలెను. ఈ పటమును చూచినపుడు మనము నగరమునకు దక్షిణముగా, నీటికి పైన, ఆకాశమున నిలిచి చూచుచున్నట్లు తోచును. అచ్చట కొండ లేదు. అంత ఎత్తైన గోపురమును లేదు. మనుష్యుడు మొదటిసారి పొగబుట్టతో గాలిలోనికి లేచినది 1783లో, ప్యారిస్ నగరమున. అంతకు 283 ఏండ్ల ముందే ఈ చిత్రకారుడు ఎవ్వరును చూడని చూపును చిత్రించెను. మరి అది ఊహయా? కాదు. ఊహ అయినచో ఇన్ని ఇండ్ల కప్పులు, ఇన్ని వంతెనలు వాని వాని తావులలో కుదురవు.

దీనికి రహస్యము వెనిస్‌లోని ఘంటాగోపురములలో కలదు. ఆ నగరమున ప్రతి పేటకు ఒక చర్చి. ప్రతి చర్చికి ఒక గోపురము. ఒక్కొక్క గోపురమెక్కి, చుట్టునున్న ఇండ్లను చిత్రించుకొని, ఆ తునుకలన్నిటిని ఒకే దృష్టికోణమునకు లొంగునట్లు సవరించి అతికినచో ఇట్టి చిత్రము సిద్ధించును. 1978లో యుర్గన్ షుల్ట్స్ అను కళాచరిత్రకారుడు ఈ పటమును నేటి కొలతల పటముతో పోల్చి పరిశీలించెను. నేటి పటముపై గీసిన సమచతురస్రపు గళ్ళను ఈ పటముపైకి దింపినచో ఆ గళ్ళు తిన్నగా రావు. ఒకచోట సాగును, ఒకచోట కుంచించుకొనిపోవును, ఒకచోట వంగును. ఒకే కొలమానము పటమంతటికి వర్తింపదు. ఒక్కచో నిలిచి చూచినది కాదనుటకును, ఒకే కొలతతో నగరమంతటిని కొలిచి గీసినది కాదనుటకును ఇదియే సాక్ష్యము. కావున దీనిని కొలబద్దతో చదువరాదు. రెండు చర్చీల నడుమ దూరమెంత అని దీనినడిగినచో తప్పు చెప్పును. ఆ చర్చి ముందర ఏమున్నది, వెనుక ఏమున్నది, దాని కప్పు ఎట్టిది అని అడిగినచో చాల భాగము నిజమే చెప్పును.

ఇక పటములో ప్రవేశింతము. సాన్ మార్కో చౌకమునకు నీటివైపున రెండు ఎత్తైన స్తంభములు. వాని ప్రక్కన డోజ్ నివసించు భవనము. దాని వెనుక గుమ్మటములతో సాన్ మార్కో చర్చి. చౌకపు ఉత్తరపు అంచున గడియారపు గోపురము. దాని నిర్మాణము 1496లో ఆరంభమై 1499లో ప్రారంభోత్సవము జరిగినది. అనగా పటము వెలువడు నాటికి అది వన్నె తరగని క్రొత్త కట్టడము. చౌకమునుండి పడమరకు పోయినచో మహాకాలువ వంకరలు తిరుగుచు నగరమును రెండుగా చీల్చును. ఆ కాలువ నడుమ రియాల్టో వంతెన. నేడు యాత్రికులు చూచు రాతి వంతెన 1588 మొదలు 1591 వరకు కట్టినది. పటములోనిది కొయ్య వంతెన. పెద్ద తెరచాప కొయ్యలుగల నావలు పోవుటకై దాని నడిమి భాగమును పైకెత్తు ఏర్పాటు కలదు. దాని చేరువనే జర్మను వర్తకుల కోఠీ. వెనిస్‌కు వచ్చిన జర్మను వర్తకులు అచ్చటనే బస చేసి, అచ్చటనే క్రయవిక్రయములు జరుపవలెనని శాసనము. పటములో నున్న ఆ భవనము 1505లో అగ్నికి ఆహుతి అయ్యెను. 1508 నాటికి దానిని క్రొత్తగా కట్టిరి. కాలిపోయిన ఆ పాత కోఠీ రూపము మనకు దక్కుట ఈ పటముయొక్క చలువయే.

తూర్పు దిక్కున ఎత్తైన గోడల నడుమ ఆర్సెనాల్, అనగా ప్రభుత్వపు నావికా కర్మాగారము. యుద్ధనావలను కట్టు పొడవైన పాకలు వరుసలు తీరియున్నవి. వెనిస్ బలమంతయు అందే కలదు గావున చిత్రకారుడు దానిని మిక్కిలి శ్రద్ధతో చూపెను. ఆ ప్రాంతమున కనబడు కొన్ని చర్చీలు, మఠములు నేడు లేవు. నెపోలియను పాలనలో, 1807 తరువాత, వానిని పడగొట్టి ఉద్యానవనములు వేసిరి. సాన్ మార్కో చౌకపు పడమటి అంచున నుండిన సాన్ జెమినియానో చర్చియు ఆ 1807లోనే నేలమట్టమయ్యెను. ఇట్టి లుప్తకట్టడములు ఎచ్చట నుండినవో తెలిసికొనగోరువారికి నేటికిని ఈ పటమే మొదటి సాక్షి.

పటములోని చిన్న వస్తువులు పెద్ద కట్టడములకంటె ఎక్కువ మాటలాడును. ప్రతి చౌకములోను రాతి ఒరగల బావి యొకటి కనబడును. చుట్టును సముద్రమే, త్రాగుటకు గ్రుక్కెడు మంచినీరు లేదు. దీనికి వెనిస్ ప్రజలు కనిపెట్టిన ఉపాయము ప్రశంసనీయము. చౌకముయొక్క నేలను లోతుగా త్రవ్వి, ఉప్పునీరు లోనికి ఊరకుండ గుంట గోడలకు గట్టి బంకమన్ను మెత్తి, లోపల ఇసుక నింపెడివారు. నట్టనడుమ ఇటుకలతో బావి కట్టెడివారు. చౌకముపై కురిసిన వాన, రాతి పలకలలోని తూములగుండ ఇసుకలోనికి దిగి, వడియగట్టబడి, బావి అడుగున చేరెడిది. కావున చౌకమనగా బయలు మాత్రమే కాదు. అది నీటితొట్టికి మూత. మన ఊరి చెరువును కాపాడుకొన్నట్లు వారు ఆ చౌకములను కాపాడుకొనిరి. అట్లే గరాటువలె పైన వెడల్పైన పొగగొట్టములు పటమంతట కనబడును. నిప్పురవ్వలు ఎగిరి ప్రక్క ఇంటిపై పడకుండ వానిని అట్లు కట్టెడివారు. ఇండ్లు ఒకదానినొకటి ఒరసికొని నిలిచిన ఊరిలో అగ్నిభయము ఎంతటిదో ఆ పొగగొట్టములే చెప్పుచున్నవి.

పటముపై రోమను అంకెలలో 1500 అని చెక్కియున్నది. కాని ఏ ప్రతి ఎప్పటిదో తేల్చుటకు ఆ అంకెకంటె సాన్ మార్కో ఘంటాగోపురము మంచి సాక్షి. 1489లో పిడుగుపాటువలన ఆ గోపురపు శిఖరము కాలిపోయెను. వెంటనే తిరిగి కట్టుటకు వీలుకాక, తాత్కాలికముగా బల్లపరుపు కప్పు వేసిరి. 1500 నాటి ప్రతులలో గోపురము ఆ మొండి తలతోనే కనబడును. నగర కీర్తిని చాటుటకు గీసిన పటములో నగరపు ముఖ్య గోపురమును మొండిగా చూపుటలో చిత్రకారుని నిజాయితీ తెలియుచున్నది. 1511లో భూకంపము గోపురమును మరల కదిలించెను. తరువాత పనులు సాగి, 1514 నాటికి క్రొత్త శిఖరము పూర్తి అయ్యెను. అప్పుడు దిమ్మలో గోపురమున్న భాగమును సవరించి, శిఖరముతో కూడిన గోపురమును నిలిపి, ఏటి అంకెను తొలగించి, పటమును మరల అచ్చువేసిరి. అటుపై మూడవమారు అచ్చువేసినపుడు గోపురమునకు తిరిగి పాత రూపమును, పటమునకు తిరిగి 1500 అను అంకెను ఇచ్చిరి. అప్పటికి పటము వార్త కాక పురాతన వస్తువైనది. కొనువారు నాటి నగరమును కాక తొలినాటి పటమును కోరిరి. ఆ గోపురము 1902 జూలై 14న కుప్పకూలి, అదే తావున అదే రూపముతో 1912లో తిరిగి నిలిచినది.

ఇక కర్తృత్వ విషయము. ఇంత గొప్ప పటముపై చిత్రకారుని పేరు లేదు. చాల కాలము దీనిని జర్మను మహాచిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ రచనయని తలంచిరి. తుదకు పండితులు యాకొపో దె బార్బరికి దానిని అప్పగించుటకు కారణములు కలవు. మెర్క్యురీ చేతిలో రెండు పాములు పెనవేసికొన్న దండము కలదు. బార్బరి తన ఇతర చిత్రములపై పేరునకు బదులు ఆ దండమునే గురుతుగా వాడెడివాడు. దేవతల శరీరములను తీర్చిన రీతి అతని లోహఫలక చిత్రములలోని రీతితో సరిపోవును. మూడవ సాక్ష్యము డ్యూరరే ఇచ్చినాడు. 1506లో అతడు వెనిస్‌నుండి న్యూరెంబర్గులోని మిత్రునికి జాబు వ్రాయుచు, యాకొపోకంటె మేలైన చిత్రకారులు ఇచ్చట ఎందరో కలరనియు, ఆంటన్ కోల్బ్ మాత్రము అతనిని మించినవాడు భూమిపై లేడని ఒట్టుపెట్టునట్టివాడనియు కొంత వెటకారముగా తెలిపెను. ఆ వెటకారమే చరిత్రకు ఉపకారమైనది. వర్తకునికిని చిత్రకారునికిని గల బంధము దానివలన ధ్రువపడినది.

ఆ నాటికి బార్బరి వెనిస్‌లో లేడు. 1500 ఏప్రిల్ నెలలోనే మాక్సిమిలియను చక్రవర్తి అతనిని ఒక యేడాదికి కొలువులో చేర్చుకొనెను. తరువాత సాక్సనీ ప్రభువునొద్దను, పిదప నెదర్లాండ్సును ఏలిన మార్గరెట్ యొద్దను అతడు పనిచేసి, 1516 నాటికి మరణించెను. ఏ నగరమునకు ఇంత రూపుకట్టెనో ఆ నగరమున అతనికి స్థిరమైన జీవిక దొరకలేదు.

వర్తకుడైన కోల్బ్ మాత్రము తన హక్కును మరువలేదు. 1500లో అతడు వెనిస్ ప్రభుత్వమునకు ఒక విన్నపము సమర్పించెను. ఈ పటమునకు మూడేండ్లు పట్టినదనియు, ముఖ్యముగా ఈ నగర కీర్తి కొరకే దీనిని తలపెట్టితిననియు, ఇంత పెద్ద దిమ్మలను చెక్కుటయు ఇంత పెద్ద కాగితములపై అచ్చువేయుటయు మునుపు ఎన్నడును లేని కష్టమనియు అతడు తెలిపెను. ఇతరులు దీనిని కాపీ చేయకుండ నాలుగేండ్ల రక్షణయు, ప్రతి ఒక్కటికి మూడు డకటులకు తక్కువకాకుండ అమ్ముకొను అనుమతియు కోరెను. అక్టోబరు 30న నాలుగేండ్ల రక్షణ లభించినది. వెనిస్ డకటు మూడున్నర గ్రాముల మేలిమి బంగారు నాణెము. విజయనగర వరాహకు తూకమున దాదాపు సాటి. కావున పటముయొక్క వెల ఇంచుమించు తులము బంగారము. సామాన్యుడు కొని దారి వెదకికొనుటకు పనికివచ్చు వస్తువు కాదని ఈ వెలయే చెప్పుచున్నది.

విన్నపము చూచినవారికిని, పటములోని దేవతలను చూచినవారికిని, వెనిస్ ఆనాడు ఉచ్ఛదశయందున్నదని తోచును. మెర్క్యురీ చుట్టునున్న లాటిను వాక్యము, తక్కిన వర్తక నగరములన్నిటికంటె దీనిపై తన అనుగ్రహము మెండని పలుకును. నెప్ట్యూను ప్రక్కనున్న వాక్యము, తాను కడలి నీటిని చదును చేయుచు ఈ రేవుననే కాపురమున్నానని పలుకును. కాని చరిత్రను ప్రక్కన పెట్టుకొని చదివినచో ఆ పలుకులు మరియొక విధముగా వినబడును. 1499లో వెనిస్‌లోని గార్జోని, లిప్పొమానో అను రెండు పెద్ద బ్యాంకులు దివాలా తీసినవి. ఆ యేడే తురుష్కులతో యుద్ధము వచ్చి, ఆగస్టులో వెనిస్ నావికాబలము జోంకియో వద్ద భంగపడెను. 1500 ఆగస్టులో మొడోన్, కొరోన్ అను గ్రీసు తీరపు రేవుకోటలు తురుష్కుల వశమయ్యెను. వానిని వెనిస్‌వారు తమ రాజ్యమునకు రెండు కండ్లని చెప్పుకొనెడివారు. ఆ కండ్లు పోయిన రెండు మూడు నెలలకే, నెప్ట్యూను మా రేవున కాపురమున్నాడని చాటు ఈ పటము వెలువడినది.

అంతకంటె గొప్ప దెబ్బ మన తీరమునుండి బయలుదేరెను. 1498లో వాస్కో డ గామా ఆఫ్రికా ఖండమును చుట్టి కళ్ళికోట చేరెను. 1501 వేసవిలో పోర్చుగీసు నావలు సుగంధ ద్రవ్యములతో లిస్బను తిరిగివచ్చిన వార్త వెనిస్‌కు అందినపుడు, ఆ నగరపు వర్తకుడు జిరోలమో ప్రియులి తన దినచర్యలో వెనిస్‌కు ఇక చేటుకాలము వచ్చినదని చింతించెను. వెనిస్ వెంటనే కూలలేదు. మిరియపు వర్తకము మరల పుంజుకొని ఆ శతాబ్దమంతయు కొంత సాగినది. అయినను మెర్క్యురీ తన అనుగ్రహమును చాటిన క్షణముననే సముద్రపు దారులు మారిపోవుచుండినవి. ఈ పటములోని అతిశయమునకు వెనుక ఆ కలవరము కలదు.

వెనిస్‌కును తెలుగు తీరమునకును పాత బంధుత్వమొకటి కలదు. పదమూడవ శతాబ్దపు చివర మన తీరముగుండ పోయిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, ముత్ఫిలి అను పేర మోటుపల్లి రాజ్యమును, దానిని న్యాయముగా ఏలిన రాణిని, అచ్చటి వజ్రములను, సాలెపట్టువలె సన్నని వస్త్రములను వర్ణించెను. ఆ రాణి రుద్రమదేవి యని చరిత్రకారుల అభిప్రాయము. అంతకు ముందే ఆమె తండ్రి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించి, నావ పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన వర్తకుని సరకును పూర్వపు రాజులవలె తాను లాగికొనననియు, విహితమైన సుంకమే గ్రహింతుననియు మాట ఇచ్చెను. వెనిస్ పటమును, మోటుపల్లి శిలాశాసనమును ప్రక్క ప్రక్కన తలచుకొనుట ఉచితము. రెండును వర్తకులను పిలుచునవే. ఒకటి మా రేవున దేవతలు కాపురమున్నారని పలుకును. రెండవది మా రేవున న్యాయము కలదని పలుకును.

ఇంతటి పటములో కొరవడినది ఒక్కటే. అది మనుష్యుడు. పడవలపై తెడ్లు వేయువారు కనబడుదురు. అచ్చటచ్చట చీమలంతటివారు కొందరు కలరు. కాని సుమారు లక్షమంది గల ఊరిలో సాన్ మార్కో చౌకము దాదాపు బయలుగా నున్నది. అంగడులలో బేరములు లేవు, బావులవద్ద కడవలు లేవు, అప్పులవారి వాకిట గుమికూడినవారు లేరు. దివాలా తీసిన బ్యాంకులును, యుద్ధమున పోయిన కొడుకులును ఈ పటములోనికి రాలేదు. చిత్రకారుడు కట్టడములను దాచలేదు. మొండి గోపురమును సైతము దాచలేదు. కాని ఏ సంగతి చూపుట తన పని కాదనుకొనెనో దానిని విడిచిపెట్టెను. కావున ఇట్టి పటమును చదువువారు రెండు విధముల చదువవలెను. బావి, పొగగొట్టము, వంతెన, కోఠీ చెప్పుదానిని సాక్షి వాఙ్మూలముగా గ్రహింపవలెను. దేవతలు చెప్పుదానిని నగరముయొక్క కోరికగా గ్రహింపవలెను. ఒకదానిని చూపి రెండవదానిని నమ్మించుటయే ఇట్టి పటముల నేర్పు.

మొదటి అచ్చునాటి ప్రతులు నేడు పండ్రెండింటికి అటునిటుగా మాత్రమే మిగిలియున్నవి. వెనిస్‌లోని కొరేర్ ప్రదర్శనశాలలోను, లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను, అమెరికాలోని మినియాపొలిస్ కళాప్రదర్శనశాలలోను వానిని చూడవచ్చును. 2017లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు ఈ పటముపైననే ఒక ప్రదర్శనము నడిపి, దాని సూక్ష్మభాగములను తెరలపై పెద్దవిగా చూపిరి. నేడు ఆకాశమునుండి ఏ నగరమునైనను ఛాయాచిత్రముగా క్షణములో చూడగలుగుచున్నాము. ఆ ఛాయాచిత్రము కప్పులను చూపును. గోపురమెక్కి, దిగి, మరల మరియొక గోపురమెక్కి, మూడేండ్ల ఓర్పుతో ఒక ఊరిని ఇల్లిల్లుగా పోగుచేసిన పటము ఆ ఊరి బ్రతుకును, ఆశను, దాని భయమును కూడ చూపుచున్నది.